నీలం పెట్టె తేనె

పైడిరాజు నాలిక చచ్చిపోయిన రోజున ఆ ఇంట్లో రొయ్యల ఇగురు వండారు.

నాలిక చచ్చిపోవడమంటే, పథ్యం తిని తిని విసుగెత్తినవాళ్ళు అనే మాట కాదు. నిజంగానే చచ్చిపోయింది. పన్నెండు రోజుల జ్వరం తగ్గి, తలంటుకుని, ఆవురావురుమంటూ కంచం ముందు కూర్చున్న మనిషి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. రెండో ముద్ద పెట్టుకున్నాడు. మాగాయ ముక్క నాకాడు. చివరికి చిటికెడు ఉప్పు తీసి నాలిక మీద వేసుకుని చప్పరించాడు.

"ఏటే సుభా, ఇందులో ఏటీ నేదు," అన్నాడు భార్యతో.

"ఉప్పు తగ్గిందా?" అంది సుభాషిణి.

"తగ్గడం కాదు. ఏటీ నేదు. మట్టి నమిలినట్టుంది."

జ్వరం నోరు కదా, నాలుగు రోజుల్లో సర్దుకుంటుందని ఆమె అనుకుంది. నాలుగు రోజులు నెలయింది, నెల రెండు నెలలయింది. ముక్కు వాసన పట్టలేదు, నాలికకి రుచి తెలియలేదు. నరాల కొసలు కాలిపోయాయి, వస్తే రావచ్చు, రాకపోనూ వచ్చు అని డాక్టరు చేతులెత్తేశాడు.

ఇంకెవరికైనా ఇది ఇంత దెబ్బ కాకపోవచ్చు. పైడిరాజు తిండి కోసమే పుట్టిన మనిషి. ముప్ఫై నాలుగేళ్ళు హార్బర్లో టగ్గు బోటు ఇంజను నడిపి, రిటైరైన నెలకే అడవివరంలో తన డాబా మీద తేనెపెట్టెలు పెట్టాడు. ఇంజను చప్పుడు లేకపోతే తోచట్లేదు, ఈగల చప్పుడైనా ఉండనీ అన్నాడు. మూడు రోజులు శిక్షణకి వెళ్ళి వచ్చి, మూడు నెలలు కుట్టించుకున్నాడు. మొహం వాచి కళ్ళు పూడుకుపోయినా మానలేదు. వీధిలోవాళ్ళు నవ్వితే వాళ్ళతో పాటు తనూ నవ్వాడు. నాలుగు పెట్టెలకీ నాలుగు రంగులు వేశాడు: తెలుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం. ఈగలు తమ గుమ్మాన్ని రంగుని బట్టి పోల్చుకుంటాయట. చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టి, అవి ఎండిపోకుండా చూడడమే పెద్ద ఉద్యోగం చేసుకున్నాడు.

తేనె తీసిన రోజు ఆ ఇంట్లో అన్నం ఎవరికీ అక్కర్లేదు. చట్రాల మీది మైనం మూతలు కత్తితో చెక్కి, డబ్బాలో పెట్టి చక్రం తిప్పితే తేనె గోడలకి కొట్టుకుంటూ కిందికి జారేది. పైడిరాజు మొదటి చెంచా నాలిక మీద పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. "కుంకుడు పువ్వు," అనేవాడు. ఇంకో చట్రం తేనె నాకి, "ఇది జీడిమామిడి. గొంతుకలో గీరతంది సూడు," అనేవాడు. ఆయన నాకి చెబితే సింహాచలం కొండ మీద ఏ చెట్టు పూసిందో వెళ్ళి చూసుకోనక్కర్లేదని కూతురు దివిజ ఎగతాళి చేసేది. గారెలు తేనెలో ముంచి తిన్నాడు, రొట్టె మీద పోసుకుని తిన్నాడు, ఆఖరికి వేడి వేడి అన్నంలో కూడా కలుపుకుని తిని భార్య చేత చీవాట్లు తిన్నాడు.

అలాంటి మనిషికి తేనె బంక అయిపోయింది. డాబా ఎక్కడం మానేశాడు. నీళ్ళ గిన్నెలు ఎండిపోయాయి. విరిగిపోయిన పాలు ఒకరోజు గ్లాసెడు తాగేసి, వాంతులయ్యాక గానీ సంగతి తెలుసుకోలేదు. రెండు పూటల తిండి ఒక పూట అయింది. "బతకడానికి పొట్టలో పోసుకోడమే గదా, ఒక్కపాలి పోసుకుంటే సాలదేటి," అనేవాడు. చొక్కా భుజాల దగ్గర వేలాడసాగింది. ఈ మనిషి ఇలాగే మెల్లగా ఆరిపోతాడని సుభాషిణికి అర్థమైంది, భయం వేసింది.

ఆమెకి మాత్రం చేతిలో ఒక దారి ఉంది. అదే వచ్చిన చిక్కు.

సుభాషిణి పనిచేసే ప్రయోగశాల సముద్రానికి ఎదురుగా ఒక దిబ్బ మీద ఉంటుంది. తేనెటీగ కడుపులో బతికే ఒక సూక్ష్మజీవి మీద తొమ్మిదేళ్ళుగా ఆమె పని చేస్తోంది. చచ్చిన నరాల కొసలని మళ్ళీ మొలిపించే ఒక ప్రొటీన్ ఉంది. దాన్ని మందుగా చేస్తే రెండు రోజుల్లో పాడైపోతుంది. తేనెలో పడితే మాత్రం ఏళ్ళ తరబడి చెక్కు చెదరదు. అందుకని ఆ ప్రొటీన్ తయారు చేసే విద్య ఈగ కడుపులోని సూక్ష్మజీవికే నేర్పించింది. ఈగ తేనె చేస్తుంది, తేనెలో మందు ఉంటుంది. అంతే సంగతి.

ఆమె దగ్గర పరిశోధన చేసే నస్రీన్ ఒక మధ్యాహ్నం రంపపు పొట్టు కింద వేరుశనగ గింజ దాచి, ముక్కు చచ్చిపోయిన ఎలుకని వదిలింది. మూడు వారాలుగా ఆ ఎలుక ఈ తేనె నాకుతోంది. అది కాసేపు అటూ ఇటూ తిరిగి, ఆగి, మీసాలు ఆడించి తవ్వడం మొదలుపెట్టింది.

"మేడమ్, తవ్వుతోంది! మేడమ్!" అని నస్రీన్ చప్పట్లు కొట్టింది.

ఎలుకల దగ్గర్నుంచి మనుషుల దాకా రావాలంటే కమిటీలు, అనుమతులు, అయిదేళ్ళు. పైడిరాజుకి అయిదేళ్ళు ఎక్కడున్నాయి? నవంబరులో సుభాషిణి ఆ సూక్ష్మజీవి ఉన్న ఒక చిన్న సీసా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. పువ్వులు తక్కువగా ఉన్న రోజుల్లో ఈగలకి పంచదార పాకం పెట్టడం మామూలే. ఆ పాకం కలిపింది పైడిరాజే, భార్య పోరు పడలేక. ఆయన గరిటె కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్ళినప్పుడు ఆమె సీసా అందులో వంపి, ఆ గిన్నె తీసుకెళ్ళి నీలం పెట్టెలో పెట్టింది.

ఆయనకి చెప్పలేదు. చెబితే ఆశపడతాడు, ఫలించకపోతే ఇక మంచం దిగడు అని తనకి తాను నచ్చజెప్పుకుంది. అందులో సగమే నిజం. తను నియమం తప్పిన సంగతి ఇంకో మనిషికి తెలియడం ఆమెకి ఇష్టం లేదు. తరగతిలో ఎప్పుడూ మొదటి వరసలో కూర్చున్న పిల్ల ఆమె. తప్పు చేసి దొరికిపోవడం ఎలా ఉంటుందో యాభై ఏడేళ్ళు వచ్చినా ఎరగదు.

ఆ పెట్టె తేనె తయారయ్యాక రోజూ పొద్దున్నే ఒక చెంచా. "నీరసానికి మంచిది, మింగండి," అనేది. ఆయన ఆముదం తాగినట్టు మింగేవాడు.

జనవరిలో ఒక ఉదయం వీధి అరుగు మీద పేపరు చదువుకుంటున్న పైడిరాజు లోపలికి పరిగెత్తుకొచ్చాడు.

"ఎవులింట్లోనో ఉప్పుచేప కాలస్తన్నారే!"

మూడిళ్ళ అవతల కాలుస్తున్నారు. సుభాషిణి గరిటె పక్కన పెట్టేసి, పొయ్యి ముందే నిలబడి భోరుమని ఏడ్చింది. ఆయనకి ఆ ఏడుపు ఎందుకో తెలియదు, తన మీద ప్రేమ అనుకున్నాడు. అదీ నిజమే. ఆ రోజు ఆయన పులుసు పోసుకుని మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. సాయంత్రం డాబా ఎక్కి నాలుగు పెట్టెల తేనె వరసగా నాకాడు.

"మిగతా మూడు పెట్టెలదీ మంచిదే," అన్నాడు కిందికి దిగాక, కళ్ళలో వెలుగుతో. "కానీ సుభా, నీలం పెట్టెది ఉంది సూడు, తేనంటే అదేనే. దాని ముందర మిగతాయి పంచదార నీళ్ళు."

అప్పుడే ఆమె చెవిన పెట్టాల్సిన మాట అది. వారం తరవాత ఆయన ఇంకో మాట కూడా అన్నాడు.

"నీలం పెట్టె ఈగలు బయటికి ఎల్లట్లేదే. పసుపు పెట్టెవి తెల్లారీసరికి కొండ మీదుంటన్నాయి. ఇయ్యేమో గుమ్మంలో కూకుని, ఆటి తేనె అయ్యే తినీస్తన్నాయి."

"చలికి అంతే," అంది సుభాషిణి.

"సలా? పక్క పెట్టెకి నేదా సలి?"

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. తొమ్మిదేళ్ళు తేనెటీగల కడుపులు కోసి చూసిన మనిషి, పెట్టె ముందు కూర్చుని ఈగల్ని చూసిన మనిషి చెప్పిన మాట వినలేదు. మొగుడు మళ్ళీ తింటున్నాడు, నవ్వుతున్నాడు. ఆ సంతోషంలో ఆమెకి ఇంకేమీ పట్టలేదు.

ఫిబ్రవరిలో దివిజ పురిటికి పుట్టింటికి వచ్చింది. పైడిరాజుకి కాళ్ళు నేల మీద నిలవలేదు. వాళ్ళ ఇళ్ళల్లో ఒక ఆచారం ఉంది. బిడ్డ పుట్టగానే, ఇంట్లో మంచి నోరున్న పెద్దమనిషి బంగారు ఉంగరం తేనెలో అద్ది నాలికకి రాస్తాడు. ఎవరు రాస్తే వాళ్ళ మాటతీరు, వాళ్ళ నోటి రుచి బిడ్డకి వస్తాయంటారు. మొన్నటిదాకా నోరు చచ్చిన మనిషికి ఇప్పుడు ఆ అర్హత తిరిగి వచ్చింది. ఆ సంగతి తలుచుకుని ఆయన మురిసిపోయాడు గానీ, భార్య ముందు ఎత్తలేదు. సైన్సు చదివిన మనిషి, వద్దంటుందని తెలుసు.

ఏప్రిల్ మొదటి వారంలో ఒక ఉదయం సుభాషిణి ప్రయోగశాలలో అడుగుపెట్టేసరికి నస్రీన్ గుమ్మంలోనే నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మేడమ్, పిల్లలు..." అని లోపలికి చూపించింది.

పెద్ద ఎలుకలతో పని అయ్యాక, అప్పుడే పుట్టిన పిల్లలకి ఈ తేనె ఏమైనా చేస్తుందేమో చూద్దామని మొదలుపెట్టిన పరీక్ష అది. కొన్నిటికి పుట్టిన రోజున ఒక్క చుక్క నాకించారు, కొన్నిటికి రోజూ నాకించారు. పదమూడు పిల్లల్లో తొమ్మిది చచ్చిపడి ఉన్నాయి. తల్లులు పాలతో బరువెక్కి పక్కనే పడుకుని, పిల్లల్ని మూతితో తమ వైపు నెట్టుకుంటున్నాయి. బతికున్న నాలుగూ మొహం తిప్పేసుకుంటున్నాయి.

సుభాషిణికి ఒక్క చూపుతో అర్థమైంది. పెద్దవాటిలో ఈ మందు చచ్చిన నరాలని మొలిపిస్తుంది. వాటికి పాత రుచులన్నీ గుర్తుంటాయి కాబట్టి అవన్నీ తిరిగి వస్తాయి. పుట్టినవాటికి నరాలు అప్పుడే మొలుస్తుంటాయి, గుర్తుండడానికి ముందేమీ లేదు. మొదట తగిలిన రుచి ఒక్కటే తిండి అని రాసుకుపోతుంది. ఇక తల్లిపాలు కూడా వాటికి మట్టే.

"ఆ సూక్ష్మజీవి సీసాలన్నీ ఆవిరి కుండలో వేసి ఉడికించెయ్యి. గడ్డకట్టించి దాచినవి కూడా," అంది.

"అన్నీనా మేడమ్? మళ్ళీ చెయ్యాలంటే ఏడాది పడుతుంది. ఒక్కటైనా ఉంచుదామా?"

"ఒక్కటీ వద్దు. ఇలాంటిది లోకంలో ఉండకూడదు."

గంటలో పని పూర్తయింది. నియమం తప్పాక ఇన్నాళ్ళకి ఒక మంచి పని చేశానని ఆమె మనసు కొంచెం తేలికపడింది. సాయంత్రం ఇంటికెళ్ళగానే నీలం పెట్టె మూసెయ్యాలి, ఆయనకి ఏదో ఒకటి చెప్పాలి అనుకుంటూ ఉండగా ఫోను మోగింది.

"ఆడగుంటే!" పైడిరాజు కేక నస్రీన్‌కి కూడా వినిపించింది. "పదిరోజులు ముందే వొచ్చీసింది మాలచ్చిమి! తల్లీ పిల్లా బాగున్నారు. నువ్వు బేగి రా."

పాప ఎర్రగా, బొద్దుగా, నెత్తి నిండా జుట్టుతో ఉంది. సుభాషిణి ఎత్తుకుని చెవిలో మెల్లగా పేరు లేని ముద్దుమాటలు చెప్పింది. ఎలుకలూ, సీసాలూ అన్నీ ఆ కాసేపు ఎగిరిపోయాయి. బిడ్డ రొమ్ము పట్టట్లేదని దివిజ అంటే, మొదటి రోజు అలాగే ఉంటుందని నర్సు నవ్వింది. రెండో రోజు నర్సు నవ్వలేదు. బిడ్డ నోరు తెరుస్తోంది, పాల చుక్క తగలగానే మొహం చిట్లించి ఉమ్మేసి, పక్కకి తిప్పుకుని ఏడుస్తోంది.

పిల్లల డాక్టరమ్మ వచ్చి చూసి, "నోట్లో ఏమైనా పెట్టారా?" అని అడిగింది.

పైడిరాజు గోడవార నిలబడి చేతులు కట్టుకున్నాడు. "తేనె సుక్కమ్మా. ఉంగరంతో. మా ఆనవాయితీ."

డాక్టరమ్మ ఆయన వయసు కూడా చూడలేదు. ఈ రోజుల్లో కూడా ఇదేం పని అంది, తేనెలో ఉండే ఒక క్రిమి పసివాళ్ళకి విషం అని తెలియదా అంది, రక్తం పరీక్షకి పంపి, ఇక ఒక్క చుక్క తేనె తగలనిచ్చినా ఊరుకోనని చెప్పి వెళ్ళింది. పైడిరాజు తల దించుకుని అన్నీ పడ్డాడు.

వరండాలోకి వచ్చాక సుభాషిణి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"ఏ పెట్టెది?"

"ఏటి?"

"తేనె. ఏ పెట్టెది?"

"ఏ పెట్టెదేటే? నీలం పెట్టెదే. మనింట్లో మంచి తేనె అదొక్కటే గదా. నా మనవరాలికి మంచిది రాస్తానా, ఎలాగుంటే అలాగుంది రాస్తానా?" "ఆ క్రిమి ఏటైనా సేస్తదేటే గుంటని? నేనే సంపుకున్నానా?"

అప్పుడు చెప్పి ఉండాల్సింది. మీ తప్పు కాదు, క్రిమి కాదు, నేను అందులో మందు కలిపాను అని చెప్పడానికి ఎన్ని మాటలు కావాలి? సుభాషిణి నోరు తెరిచింది కూడా. గది తలుపు సందులోంచి దివిజ తమ వైపే చూస్తోంది. "ఏమీ కాదు లెండి," అంది సుభాషిణి. ఆ రెండు ముక్కలకి ఆమె తరవాత తనని తాను ఎన్నడూ క్షమించుకోలేదు.

బిడ్డ ముక్కులోంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేశారు. దివిజ పాలు పిండి ఇస్తే నర్సు సిరంజితో గొట్టంలో పోసేది. తేన్పుతో పాటు పాల రుచి గొంతుకలోకి వచ్చినప్పుడల్లా పాప మొహం నల్లబడేలా ఏడ్చి కక్కేసేది. వెళ్ళిన దాంట్లో సగం బయటికే వచ్చేది. దివిజకి రొమ్ములు రాళ్ళయి, జ్వరం తగిలింది. అల్లుడు నరేష్ మందుల చీటీలు పట్టుకుని మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు. పైడిరాజు ఆసుపత్రి బెంచీ మీద కూర్చుండిపోయాడు. భోజనం తెచ్చి పెడితే ముట్టుకోలేదు.

సుభాషిణి మాత్రం ఇంటికి పరిగెత్తి వంటింట్లో ఉన్న తేనె సీసా తూములో పారబోసింది. డాబా ఎక్కి నీలం పెట్టె మూత తీసింది. మేడ పక్కన కానుగ చెట్టు పూతతో విరగబడి ఉంది, పక్క మూడు పెట్టెల ఈగలూ దాని మీద ముసురుకున్నాయి. నీలం పెట్టె అడుగున ఈగలు కుప్పగా చచ్చిపడి ఉన్నాయి. పట్లన్నీ నాకినట్టు ఖాళీ. పుట్టగానే ఆ రుచే తగిలి, తమ తేనె తప్ప ఇంకేదీ తిండి కాదనుకున్న ఈగలు, అది అయిపోయాక పువ్వుల మధ్యే ఆకలితో చచ్చిపోయాయి. ఆమె ఆ ఖాళీ చట్రం పెట్టెలో దింపి మూత పెట్టేసింది.

మూడో రోజు మధ్యాహ్నం నస్రీన్ ఫోను చేసింది. మిగిలిన నాలుగు పిల్లల్లో రెండు పోయాయి. మిగతా రెండూ మాత్రం ఆ పొద్దున్నే తమంతట తాము తల్లి దగ్గరికి పాక్కుంటూ వెళ్ళి నోరు పెట్టాయి.

"ఆ రెండూ ఏ గుంపువి?" అని అడిగింది సుభాషిణి.

"పుట్టిన రోజున ఒక్కసారి నాకినవి మేడమ్. రెండోసారి నాకినవాటిలో ఒక్కటీ మిగల్లేదు."

ఒక్కసారి! పాపకి కూడా ఒక్కసారే. ఇక తగలనివ్వకుండా ఓపిక పడితే ఆ రాత చెరిగిపోవచ్చు. చెరిగిపోతుందని కాదు, పోవచ్చు. ఆమెకి ఆ మాత్రం ఆశ చాలు. నాలుగో రోజు సాయంత్రం దివిజ పాలతో తడిపిన చిటికెన వేలు పాప పెదాలకి ఆనించింది. పాప మొహం చిట్లించింది, ఆగింది, రెండుసార్లు లాగింది.

"అమ్మా, లాగింది! నిజంగా లాగిందమ్మా!"

సుభాషిణి గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. ఇంకో మూడు నాలుగు రోజులు. తేనె తగలనివ్వద్దని డాక్టరమ్మే గట్టిగా చెప్పింది కదా, మళ్ళీ నేను చెప్పడమెందుకు అనుకుంది. చెబితే ఎందుకని అడుగుతారు. రేపు పొద్దున్న ముందు ప్రయోగశాలకి వెళ్ళి, చేసిందంతా కాగితం మీద రాసి డైరెక్టరుకి ఇచ్చి, ఆ తరవాత ఇంట్లో వాళ్ళకి చెబుతాను. అలా ఒక వరస పెట్టుకుంది. జీవితమంతా అన్నీ వరసలో చేసిన మనిషి.

అయిదో రోజు డైరెక్టరు గదిలోంచి బయటికి వచ్చేసరికి పదకొండు దాటింది. ఆయన కేకలెయ్యలేదు. కాగితం రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "బిడ్డ ఎలా ఉంది?" అని మాత్రం అడిగాడు. ఆటోలో కూర్చున్నాక సుభాషిణికి ఏడుపు వచ్చింది. కానీ గుండెల మీద బరువు సగం దిగింది. మిగతా సగం ఇంకో అరగంటలో దించేసుకుంటాను అనుకుంది.

ఆసుపత్రి మెట్లెక్కుతుంటే పైనుంచి నవ్వులు వినిపించాయి. వరండాలో నరేష్ ఎదురొచ్చి, అత్తగారి చేతులు రెండూ పట్టుకుని ఊపేశాడు. లోపలికి చూపించాడు.

దివిజ మంచం మీద కూర్చుని ఉంది. చెంపల మీద కన్నీళ్ళు కారుతున్నాయి, మొహం వెలిగిపోతోంది. పాప తల్లి రొమ్ముని రెండు చేతులతో పట్టుకుని, గుటకలు బయటికి వినిపించేలా తాగుతోంది. ముక్కులోంచి వేలాడుతున్న గొట్టం గుటక గుటకకీ కదులుతోంది. పక్క మంచం ముసలమ్మ దిష్టి తగులుతుందంటూ బుగ్గలు నొక్కుకుంటోంది.

"అమ్మా, చూడు! ఎలా తాగుతోందో చూడు!"

పైడిరాజు మంచం పక్కన నిలబడి ఉన్నాడు. మూడు రోజుల తరవాత ఆయన పళ్ళు కనబడేలా నవ్వుతున్నాడు. ఆయన చేతిలో వేలెడంత సీసా ఉంది, అడుగున బంగారు రంగులో కాస్త మిగిలి ఉంది.

"ఏమిటది?" అంది సుభాషిణి.

"రక్తం పరీక్షలో ఏ క్రిమీ నేదంటే! పొద్దున్నే డాక్టరమ్మ సెప్పింది. తేనె తప్పు కాదు, నా తప్పు కాదు." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ రోజు ఉంగరం అద్దిన సీసా దివిజ సంచీలో ఉండిపోయింది."

"నువ్వు చూళ్ళేదు గానీ అమ్మా, నాన్న నాకించినప్పుడు ఎలా చప్పరించిందో!" అంది దివిజ. "పుట్టాక ఇది ఇష్టంగా నాకింది అదొక్కటే. ఈ అవ్వ చెప్పింది, రొమ్ముకి కొంచెం రాయమని. డాక్టర్ తిడితే తిట్టనీ అనుకున్నా. పొద్దున్నించి ఇది మూడోసారి. రాసిన ప్రతిసారీ ఇలాగే తాగుతోంది."

మూడోసారి.

సుభాషిణి మంచం కోడు పట్టుకుంది. ఇన్నాళ్ళూ ఆమె చెప్పకుండా దాచిన మాటలన్నీ ఒక్కసారిగా బయటికి తోసుకొచ్చాయి. ఇక ఏ వరసా లేదు. నిలబడే చెప్పింది. సీసా సంగతి, పాకం సంగతి, ఎలుక పిల్లల సంగతి, ఒక్కసారి నాకిన రెండు బతికిన సంగతి, రెండోసారి నాకినవాటిలో ఒక్కటీ బతకని సంగతి. డాబా మీద ఈగలు చచ్చిపోయిన సంగతి. ఆ తేనె ఇంకెక్కడా లేదని, మళ్ళీ చెయ్యడానికి ఏడాది పడుతుందని, పైడిరాజు చేతిలో ఉన్నదే ఆఖరుదని చెప్పింది. నరేష్ గుమ్మంలో అలాగే ఉండిపోయాడు. ముసలమ్మకి సగం అర్థం కాకపోయినా బుగ్గల మీంచి చేతులు తీసేసింది.

"తీసెయ్యమ్మా," అంది సుభాషిణి చివరికి. "ఇప్పుడైనా ఆపితే ఏమో, ఇది ఎలుక కాదు కదా... తీసెయ్యి తల్లీ."

దివిజ తల్లిని చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఇంకా అక్కడి దాకా రాలేదు. కిందికి చూసి, పాప నుదుటి మీద జుట్టు సర్దింది.

"ఈ ఒక్కసారీ తాగనీ అమ్మా," అంది. "ఆకలితో ఉంది."

పాప ఇంకాసేపు తాగింది. తీపి ఉన్నంతసేపూ తాగింది. తరవాత గుటకలు నెమ్మదించాయి, ఆగిపోయాయి. మొహం చిట్లించి, నోట్లో ఉన్న పాలు ఉమ్మేసి, రొమ్ము మీంచి తల తిప్పేసుకుని, పిడికిళ్ళు బిగించి ఏడుపు మొదలుపెట్టింది. దివిజ ఒక చేత్తో పాపని గుండెకి హత్తుకుని, తలెత్తకుండానే రెండో చెయ్యి తండ్రి వైపు చాపింది.

పైడిరాజు సీసా పట్టుకుని భార్య మొహంలోకి చూశాడు.

"ఇమ్మంటావా, వద్దంటావా? సెప్పు సుభా," అన్నాడు. "నీకు తెల్సు గదా అన్నీ. నువ్వే సెప్పు."

పాప ఏడుస్తూనే ఉంది.